బూట్ల పెట్టెలోని ముఖాలు

నాకు గుంపును గీయడం చేతకాదు. ముప్ఫై ఏళ్ళుగా ఒకే పత్రికలో రాజకీయ కార్టూన్లు వేస్తున్న మనిషి ఒప్పుకోవలసిన మాట కాదు గానీ, నిజం. ఒక్క మనిషిని గీయమంటే ఎవరినైనా గీస్తాను. మేయరు బట్టతల, కమిషనరు మూతి విరుపు, అన్నీ నా చేతికి అలవాటే. పదిమందిని ఒకచోట నిలబెట్టమంటే మాత్రం పదిమందికీ మా ఇంటి ముక్కే వచ్చేస్తుంది. "ఊరు ఊరంతా మీ చుట్టాలేనా ఏమిటయ్యా?" అని మా పాత ఎడిటరు వెక్కిరించేవాడు.

అందుకని మొదట్లో కళ్ళెదుట కనబడ్డవాళ్ళనే గీసేవాణ్ణి. ఒకసారి పెరిగిన ధరల మీద కార్టూను వేస్తూ, గుంపులో ముక్కులో వేలు పెట్టుకున్న మనిషికి మా వీధి మందుల షాపాయన ముఖం తగిలించాను. మర్నాడు ఆయన పేపరు చుట్టచుట్టి పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. దానితో నా బల్ల మీద కొడుతూ, తన జన్మలో ముక్కులో వేలు పెట్టుకున్న పాపాన పోలేదన్నాడు. నాకు మాత్రం కోపం తక్కువా? మాటా మాటా పెరిగింది. ఇరవై ఆరేళ్ళయింది. ఇప్పటికీ మా ఇంటికి మందులు రెండు వీధుల అవతల నుంచి తెచ్చుకుంటాం.

బూట్ల పెట్టె ఆ తర్వాత మొదలైంది. మా పత్రిక చివరి పేజీలో సంతాప ప్రకటనలు వస్తాయి. ఇంట్లోవాళ్ళు పోయినవాళ్ళ పాస్‌పోర్టు ఫొటో ఒకటి ఇచ్చి వెళ్తారు. అచ్చయ్యాక వచ్చి తీసుకెళ్ళమని చెప్పినా ఎవరూ రారు. ప్రకటనల గుమాస్తాకు వాటిని చెత్తబుట్టలో పారెయ్యడానికి చేతులు రాక ఒక బూట్ల అట్టపెట్టెలో వేసి ఉంచేవాడు. నేను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. విప్పారిన చెవులు, కలిసిపోయిన కనుబొమలు, ఫొటో తీసేవాడి మీద కోపం, కొత్త చొక్కా కాలరు ఇబ్బంది, ఎన్ని రకాలని! ఏ రెండు ముఖాలూ ఒకలా ఉండవు. అన్నిటికంటే మేలు, చనిపోయినవాళ్ళు పేపరు చుట్టి పట్టుకుని దెబ్బలాటకు రారు.

ఆ పెట్టెలో మా అమ్మ ఫొటో కూడా ఉంది. పద్నాలుగు నెలల క్రితం ప్రకటన ఇచ్చింది నేనే, ఫొటో వెనక్కి తీసుకోనిదీ నేనే. అమ్మ చివరిదాకా మా అక్క దగ్గర ఉంది. ఎక్కడ వరస కనబడినా పది నిమిషాల్లో అందులో ముందుకు చేరుకునే మనిషి. ఆసుపత్రిలోనైనా సరే, బస్టాండులోనైనా సరే, ముందున్నవాళ్ళ పిల్లల చదువులు అడుగుతూ అడుగుతూ కౌంటరు దగ్గర తేలేది. ఆమెను మాత్రం నేనెప్పుడూ ఏ గుంపులోనూ వెయ్యలేదు. ఆ ఫొటో పెట్టె అడుగున బోర్లా పడి ఉండేది.

ఇక మా ఊరి సంగతి. ఇక్కడ పార్టీని నడిపేది మేయరు కాదు, తాళాలాయన. ఆయనకు పదవంటూ ఏమీ లేదు, నడుముకు ఒక తాళాల గుత్తి తప్ప. పార్టీ ఆఫీసు, మార్కెట్టు గిడ్డంగి, వార్డు హాళ్ళు, ఏ తలుపు తియ్యాలన్నా ఆయన మనిషి రావాలి. ఎవరికి కాంట్రాక్టు, ఎవరికి బదిలీ, ఎవరి గోడ కూలాలి, అన్నీ ఆయన కనుసన్నల్లోనే. నేను ఆయన ముఖం గీయడం ఎప్పుడో మానేశాను. ఒక పొట్ట, ఒక తాళాల గుత్తి వేస్తే ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది.

ఆయనకో పద్ధతి ఉంది. తన మీద కార్టూను వచ్చిన రోజు ఉదయం ఎనిమిదికల్లా నాకు ఫోను చేసి మెచ్చుకుంటాడు. "బొమ్మలాయనా, ఇవాళ పొట్ట కాస్త తగ్గించావు. మా ఆవిడ సంతోషించింది" అంటాడు. నీ బొమ్మ నన్నేమీ చెయ్యలేదని చెప్పడం అన్నమాట. పదిహేనేళ్ళుగా ఆ ఫోను నన్ను కాల్చుకుతింటోంది.

మొన్నటి నగర ఎన్నికల్లో సాయంత్రం ఐదు కొట్టగానే, బయట జనం నిలబడి ఉండగానే చాలాచోట్ల పోలింగు గదుల తలుపులు మూసేశారు. తాళాలాయన నిలబెట్టిన మేయరే మళ్ళీ గెలిచాడు. ఎడిటరు ఆ మూసిన తలుపుల మీద అరపేజీ బొమ్మ వెయ్యమన్నారు. మూసిన తలుపు ముందు వరసగా పద్నాలుగు మంది జనం, లోపల నుంచి కిటికీలో పొట్టా తాళాల గుత్తీ, కింద "టైమైపోయింది, రేపు రండి" అని ఒక మాట. జనం ముఖాల కోసం అలవాటు ప్రకారం పెట్టె తీసి పద్నాలుగు ఫొటోలు బల్ల మీద పరుచుకున్నాను. మామూలుగా నా గుంపులో ముఖాలు గోరంత ఉంటాయి. ఈసారి అరపేజీ కదా అని ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత వేశాను. ముచ్చటపడి వేశాను, చెవులతో సహా.

మర్నాడు ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది. ఫోను రాలేదు. తొమ్మిదిన్నరకు ఒక నలభై ఏళ్ళావిడ ఆఫీసులో నా బల్ల దగ్గరికి వచ్చింది. మెడలో కొలతల టేపు ఉంది. మార్కెట్టు దగ్గర బట్టలు కుడతానని చెప్పింది. నా బొమ్మలో ఐదో మనిషి మీద వేలు పెట్టి, ఈయన మా నాన్న, సిటీ బస్సు కండక్టరుగా చేసేవాడు, పోయి రెండేళ్ళయింది అంది.

ఆవిడ చేతిలో పేపరు చుట్టచుట్టి ఉందేమోనని ముందు అదే చూశాను. చక్కగా మడతపెట్టి ఉంది.

"మీకెలా తెలిసిందండీ?" అంది.

ఏం తెలిసిందో నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పుకొచ్చింది. పోలింగు రోజు తను ఓటు వెయ్యడానికి వెళ్తే, జాబితాలో తన పేరుకు పైన తండ్రి పేరు అలాగే ఉందట. ఉంటే ఉండనీ, పక్కన సంతకం కూడా ఉందట. వాళ్ళ నాన్నకు బతికున్నన్నాళ్ళూ సంతకం రాదు, వేలిముద్రే. ఇదేమిటని అడిగితే అక్కడ కూర్చున్న మాస్టారు తల కూడా ఎత్తకుండా, తర్వాత చూద్దాం, పక్కకు జరగండి అన్నాడట. ఇంట్లో చెబితే నీకు కళ్ళు కనబడటం లేదన్నారట. పొద్దున్నే పేపరు తీస్తే నాన్న ఓటు వెయ్యడానికి వరసలో నిలబడి ఉన్నాడు.

ఏ పోలింగు కేంద్రం అని అడిగాను. నీళ్ళ ట్యాంకు దగ్గరి స్కూలు, మూడో గది అంది. ఆ స్కూల్లో లెక్కలు చెప్పేదీ, ఈసారి సిబ్బంది చాలక ఆ మూడో గదిలోనే ఎన్నికల డ్యూటీ చేసిందీ మా బావ. అక్క మొగుడు.

అప్పుడే నిజం చెప్పేసి ఉండవలసింది. అమ్మా, నాకేమీ తెలియదు, గుంపు గీయడం చేతకాక మీ నాన్న ఫొటో చూసి గీసుకున్నాను అనాలి. కానీ ఆవిడ నా వంక చూస్తున్న చూపు అలాంటిది. పదిహేనేళ్ళుగా తాళాలాయన మెచ్చుకోళ్ళు తప్ప ఎరగని మనిషికి ఆ చూపు కడుపు నింపింది.

"కొన్ని సంగతులు మా దాకా వస్తుంటాయమ్మా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదకొండింటికి ఫోను వచ్చింది. పొట్ట ఊసు లేదు, ఆవిడ ఊసు లేదు.

"లిస్టు ఎవరిచ్చారు?" అన్నాడు తాళాలాయన.

ఏ లిస్టు అన్నాను. ఆయన "మూడో గదిలో కూర్చుంది మీ బావ కదూ" అని పెట్టేశాడు. అంత పెద్దమనిషి బెదిరిపోయాడని నాకు ఒక్క నిమిషం పట్టలేని సంతోషం కలిగింది. రెండో నిమిషంలో ఆ మాటకు అర్థం తెలిసి చేతిలో కుంచె పక్కన పెట్టేశాను.

సాయంత్రానికి ఇంకో ఐదుగురు వచ్చారు. మర్నాటికి మొత్తం తొమ్మిదిమంది. ఒకాయన భార్య కోసం వచ్చాడు, ఒకమ్మాయి తాతగారి కోసం. అందరి దగ్గరా అదే అనుమానం. బట్టలు కుట్టే ఆవిడ వాళ్ళందరినీ పోగేసి ఒక ప్లీడరు దగ్గరికి తీసుకెళ్ళింది. సంతకాల జాబితాలకు సీలు వేసేశారనీ, ఫలితం వచ్చిన నెలలోపల పోలింగు గదిలో కూర్చున్న ఉద్యోగి ఎవరైనా ఇలా జరిగిందని చెబితేనే జడ్జి ఆ సీలు తీయిస్తాడనీ ప్లీడరు చెప్పాడట. అలాంటి మనిషి ఎవరున్నారు అంటే, బొమ్మలాయనకు చెప్పినాయన ఉన్నాడు కదా అంది ఆవిడ.

నాలుగో రోజున అక్క వచ్చింది. అక్క మా ఆఫీసుకు రావడం అదే మొదలు. సంచీలోంచి ఒక కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది. ఎన్నికల రహస్యాలు బయటికి చెప్పినందుకు నీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో వారంలోగా చెప్పమని బావకు విద్యాశాఖ ఇచ్చిన నోటీసు. రిటైరు కావడానికి ఇంకా మూడేళ్ళుంది. స్కూల్లో ఆయన కుర్చీ తీసేశారట. మూడు రోజులుగా పాఠం చెప్పనివ్వకుండా వరండాలో నిలబెట్టి ఉంచుతున్నారట.

మా బావ నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళైన కొత్తలో కాఫీలో పంచదార వెయ్యడం మరిచిపోతే నెలరోజులు అలాగే తాగాడని అక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఆ రోజు నవ్వలేదు.

"ఆయన నీకేమీ చెప్పలేదు. అవునా?" అంది.

అవునన్నాను.

"మరి ఆ ముఖాలు?"

బూట్ల పెట్టె సంగతి చెప్పాను. అక్క చాలాసేపు నన్నే చూసింది. చిన్నప్పుడు నేను గాజుగ్లాసు పగలగొట్టి పిల్లి మీద పెట్టినప్పుడు కూడా అలాగే చూసింది.

"అయితే అదే రాసి పేపర్లో వెయ్యి. నాకేమీ తెలీదు, ఫొటోలు చూసి గీశానని నాలుగు ముక్కలు రాయి. ఆయన్ని వదిలేస్తారు. ఆయన తట్టుకోలేరురా" అంది.

అలా రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తొమ్మిది ఇళ్ళవాళ్ళ మాటా గాలికి పోతుంది, బొమ్మలాయన పొరపాటు చూసి ఊరు భ్రమపడిందని తాళాలాయన నవ్వుతాడు, మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి నాకు ఫోను వస్తుంది. రాయకపోతే మా అక్క ఇల్లు వీధిన పడుతుంది. ఎడిటరు నీ ఇష్టం అని చేతులు దులుపుకున్నారు. రెండు రోజులు నాలో నేను కొట్టుకుని, చివరికి అక్కకే మొగ్గాను. శనివారం నాలుగు వాక్యాలు రాసి, సోమవారం పేపర్లో పెట్టిద్దామని ఇంటికి తెచ్చుకున్నాను.

ఆదివారం పొద్దున బావ మా ఇంటికి వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు గుమ్మం పక్కన జతగా పెట్టి, నా గీతల బల్ల ఎదురుగా కూర్చుని, జేబులోంచి బ్లేడు తీసి, నా పెన్సిళ్ళు చెక్కడం మొదలుపెట్టాడు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా అదే పని. నా చెక్కుడు ఆయనకు నచ్చదు.

నేను మాట కూడగట్టుకుని, నీ మీద పడ్డ నింద తీసేస్తున్నాను బావా అని ఆ కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. రెండో వాక్యంలో తప్పు దిద్దాడు. బల్ల మీద పరిచాడు.

"పెట్టె ఇలా ఇవ్వు" అన్నాడు.

ఇచ్చాను. ఫొటోలు ఒక్కొక్కటే తీసి, వెనక ప్రకటనల గుమాస్తా రాసిన పేరూ చిరునామా చూసి, రెండు దొంతరలుగా పెట్టసాగాడు. ఎడమవైపు దొంతరలో ఎనిమిది చేరాయి.

"వీళ్ళు ఓటేశారు. నా ముందే" అన్నాడు.

నేను దొంతర దగ్గరికి వంగి చూశాను.

"తాళాలాయన పార్టీ ఏజెంటు దగ్గర ఒక నోటుబుక్కుందయ్యా. అందులో మీ పేపరు చివరి పేజీ ముక్కలు అంటించి ఉన్నాయి. పేరు, వయసు, వీధి, అన్నీ మీరే అచ్చేసి ఇస్తారు కదా. వాటిని బట్టి చీటీలు రాసిచ్చి మనుషుల్ని పంపించాడు. పొద్దున్న ఒకటీ అరా అనుకున్నాను. మధ్యాహ్నానికి లెక్క తప్పింది."

అప్పటిదాకా ఇదంతా కాకతాళీయం అనుకుంటున్నాను. తాళాలాయన మనుషులూ నేనూ ఇన్నేళ్ళుగా ఒకే బావిలో తోడుకుంటున్నాం. నేను ముఖాలు తీసుకున్నాను, వాళ్ళు పేర్లు తీసుకున్నారు. ఎవరమూ ఇంటివాళ్ళను అడగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"బెదిరించారా?" అని అడిగాను.

"లేదు. అదే కదా. ఒక్కసారి నా వంక చూశాడు. అంతే, తల దించేసుకున్నాను." పెన్సిలు మొన గోటి మీద గీసి చూసుకుని, మళ్ళీ పెట్టెలో చెయ్యి పెట్టాడు. అడుగున బోర్లా ఉన్న ఫొటో తీశాడు. వెనక్కి తిప్పి పేరు చూడలేదు. ఎడమవైపు దొంతర మీద పెట్టాడు.

అది మా అమ్మ ఫొటో.

"పదకొండింటికి ఒకమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. చీటీలో అత్తయ్యగారి పేరుంది. పైకి చదివాను. 'నేనే' అంది. నేనెవరో ఆ పిల్లకి తెలీదు కదా, నవ్వింది కూడా." బావ గొంతు ఎప్పటిలాగే ఉంది, తరగతిలో లెక్క చెబుతున్నట్టు. "చెయ్యి చాపింది. నేనే పట్టుకుని వేలికి సిరా పూశాను. పదహారేళ్ళు మా ఇంట్లో నాకు అన్నం పెట్టిన మనిషి."

అక్కకు తెలుసా అన్నాను. తెలీదన్నాడు.

"నా నోటీసు సంగతి విని, నిన్న ఆ బట్టలు కుట్టే ఆవిడ మా ఇంటికొచ్చింది. మీరు ధైర్యం చేశారు మాస్టారూ అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ రోజు పక్కకి జరగమన్నది నేనేనని గుర్తుపట్టలేదు. ఆ రోజు తల ఎత్తలేదు కదా, నా ముఖం చూసి ఉండదు." పెన్సిలు కింద పెట్టాడు. "చెయ్యని పనికి తిడుతున్నారు, చెయ్యని పనికే దణ్ణాలు పెడుతున్నారు. రెండూ మొయ్యలేను. రేపు ప్లీడరు దగ్గరికి వెళ్తున్నాను. చేసింది చెప్పి, దానికేదో పడతాను."

ఉద్యోగం పోతుంది బావా అన్నాను. పోతుందన్నాడు. నేను రాసిన నాలుగు వాక్యాల కాగితం మీద పెన్సిలు పొట్టు పోగుపడి ఉంది. దాన్ని పొట్టుతో సహా పొట్లం కట్టి చెత్తబుట్టలో వేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం బావ చెప్పాడు. మంగళవారం ఆయన్ని ఉద్యోగంలోంచి తాత్కాలికంగా తప్పించారు. పదిరోజులకు జడ్జి మూడో గది సీలు తీయించాడు. చనిపోయినవాళ్ళ పేర్ల పక్కన నలభై ఒక్క సంతకాలున్నాయి. మిగతా గదుల సంగతి ఇంకా తేలలేదు. మేయరు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. తాళాలాయన మాత్రం నాకు మళ్ళీ ఫోను చెయ్యలేదు.

సీలు తీసిన రోజున ఎడిటరు మళ్ళీ అరపేజీ ఇచ్చారు. ఈసారి ముందు తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళి అడిగాను. అందరూ వెయ్యమన్నారు. కండక్టరుగారి అమ్మాయికి మాత్రం నేను రెండో సంగతి కూడా చెప్పుకోవలసి వచ్చింది, ఆ రోజు నాకేమీ తెలియదని. ఆవిడ ఆ పాత పేపరు మడత విప్పి చూసుకుని, చెవులు మాత్రం బాగా కుదిరాయి అంది.

బొమ్మ వేస్తుండగా అక్క వచ్చింది. బావ తనకు అంతా చెప్పాడనీ, ఆ రోజు నుంచి ఇంట్లో వంట చేస్తున్నా ఆయనతో మాట్లాడటం లేదనీ నాకు తెలుసు. నా వెనక నిలబడి చూసింది. ఈసారి బొమ్మలో గుమ్మం తెరిచి ఉంది, లోపల బల్ల, బల్ల ముందు వరస. అమ్మను ఆరో మనిషిగా నిలబెట్టాను. పెన్సిలుతో వేసి ఇంకా సిరా పెట్టలేదు. అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అమ్మ ఎప్పుడన్నా ఆరో మనిషిగా నిలబడిందిట్రా? ముందు పెట్టు" అంది.

చెరిపి, ముందు పెట్టాను. బల్ల వెనక కుర్చీ ఖాళీగా వదిలేశాను. అక్క దాని మీద వేలు పెట్టింది.

"ఇక్కడ ఎవరూ లేరేం?"

ఆయన తనంతట తనే చెప్పాడు కదక్కా, మళ్ళీ ఊరందరి ముందూ ఎందుకని అన్నాను.

"వెయ్యి. తల వంచుకునే వెయ్యి, ఆ రోజు అలాగే ఉన్నాడు కదా" అంది. బొమ్మ మీదికి వంగి, "కళ్ళజోడు ఎడమవైపు కాస్త కిందికి ఉంటుంది. అది తప్పుగా వెయ్యకు" అంది.

మందుల షాపాయన తర్వాత నా గుంపులో బతికున్న మనిషిని వెయ్యడం అదే మొదటిసారి. ఫొటో అవసరం లేకపోయింది. ఆయన చెక్కి ఇచ్చిన పెన్సిలుతోనే వేశాను. నేను సిరా పెట్టడం పూర్తయ్యేదాకా అక్క ఎదురు కుర్చీలో కూర్చుంది. తర్వాత పెట్టెలోంచి అమ్మ ఫొటో తీసుకుని, ఆయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదని చెప్పి ఇంటికి వెళ్ళింది.